భోజనప్రియుని పాకాభ్యాసము

వంట నేర్చినవారు వంటను గూర్చి ప్రసంగించుట న్యాయము. నేను తినుట మాత్రమే నేర్చినవాడను. నలువదియేండ్ల ప్రాయము వచ్చువఱకు అన్నము దింపవలసిన వేళ యెట్లు తెలియునో నే నెఱుగను. అట్టివాడు ఒకనాడు హఠాత్తుగా జపాను దేశపు ఇంటివంట నభ్యసింప బూనినచో ఇంటివారు నవ్వక యేమి చేయుదురు? మా యింటను నవ్విరి. ఆ నవ్వు చాలవఱకు సమంజసమైనదే. అయినను ఆ యభ్యాసము నన్ను జపానునకు గాక, నేను ప్రతిమాసము బస్సెక్కుచుండిన చోట పది యడుగుల దూరమున నుండిన యొక గంపకడకు కొనిపోయినది. ఆ కథనే నేడు మీకు విన్నవించుకొనుచున్నాను.

మాది భద్రాచలము. గోదావరి వంతెన దాటి, సారపాక, పాల్వంచ, కొత్తగూడెముల మీదుగా ఖమ్మము చేరుటకు సుమారు 120 కిలోమీటర్ల మార్గము. 2016వ సంవత్సరమున భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడువఱకు మాకు జిల్లా ముఖ్యపట్టణము ఖమ్మమే. జిల్లా విడిపోయినను మా నాలుక విడిపోలేదు. జనులు ఆసుపత్రులకును, కచేరీ పనులకును, మిరపకాయల బస్తాలతోను అచ్చటికి పోవుదురు. నేను బర్గరు తినుటకు పోవుచుంటిని. ఈ మాట చెప్పుటకు సిగ్గగుచున్నది గాని, అబద్ధమాడుటకు అంతకంటె నెక్కువ సిగ్గు.

బర్గరు అనగా గుండ్రని రొట్టెను అడ్డముగా కోసి, ఆ రెండు బద్దల నడుమ వేచిన మాంసపు బిళ్ళను, ఉల్లిచక్రములను, ఆకులను, ఏదేని చిక్కని పులుసును చేర్చిన పదార్థము. జర్మనీలోని హాంబర్గు రేవుపట్టణము పేరు దీనికి వచ్చినది. రొట్టె నడుమ చేరి లోకమున కెక్కినది మాత్రము అమెరికాలో. అచ్చట అది గోమాంసముతో చేయబడునది. మెక్‌డొనాల్డ్స్ అను అమెరికా సంస్థ 1996లో ఢిల్లీయందు తన మొదటి భోజనశాలను తెఱచినపుడు ఆ మాంసమును విడిచిపెట్టి, వేఱు బిళ్ళలతో మన దేశమున ప్రవేశించెను. ఢిల్లీనుండి ఖమ్మమునకు వచ్చుసరికి ఆ బిళ్ళలో సెనగపిండియు, పచ్చిమిరపకాయయు చేరినవి. 'తేజ' రకపు మిరపకాయకు పేరుపడ్డ ఊరిలో చప్పని బిళ్ళను ఎవడు కొనును?

వైరా మార్గమున మూడు దుకాణములు నాకు పరిచయము. పేర్లు చెప్పను. మంచి బర్గరునకు నే నేర్పఱచుకొనిన లక్షణములు కొన్ని కలవు. రొట్టె కోసిన ముఖమును వెన్నతో పెనముపై కాల్చవలెను. లేనిచో పులుసు తగులగానే అది నీటిలో పడిన అటుకులవలె మెత్తబడును. ఉల్లి పచ్చిగా నుండవలెను, కాని పలుచగా నుండవలెను. కొఱికినపుడు బిళ్ళ రొట్టెతోపాటు తెగవలెనే గాని, వెనుకనుండి జారి ఒడిలో పడరాదు. ఒక దుకాణమున రొట్టె బాగుండెను. మఱియొకట బిళ్ళ బాగుండెను. మూడవ దానియందు ఉక్కపోతకు పంకా బాగుండెను. ఏడాదిన్నర ఈ మూటి నడుమ తిరిగిన పిమ్మట ఒకనాడు వంటయింటి తలుపు తెఱచియుండగా లోపలికి చూచితిని. పులుసు తెల్లని పెద్దడబ్బాలోనుండి గరిటెతో తీయుచుండిరి. ఆ డబ్బానే, ఆ గుర్తుతోనే, తక్కిన రెండు దుకాణములందును అంతకుముందే చూచియుంటిని. మూడు పేర్లతో నేను మెచ్చుకొనుచుండిన రుచి ఒక్క డబ్బాలోనిది! దుకాణదారుల తప్పేమియు లేదు; రుచి యెఱిగినవాడనని విఱ్ఱవీగినది నేను.

ఆ రాత్రి తిరుగు బస్సులో సెల్‌ఫోను తెరపై బర్గరుల చరిత్ర చదువుచు వచ్చితిని. జపానులో మోస్ బర్గర్ అను సంస్థ 1973లో తీపి కలిసిన సోయాపులుసుతో 'తెరియాకి' బర్గరును, 1987లో రొట్టెకు మారుగా అన్నమును బిళ్ళలుగా నొత్తి కాల్చిన బర్గరును చేసెనని అందుండెను. ఆ దేశపు ఇండ్లలో 'హంబాగు' అను పేర ఆ మాంసపు బిళ్ళను అసలు రొట్టెయే లేక అన్నముతో తిందురట. రొట్టె పోయి అన్నము వచ్చినది! అన్నము నాకు పుట్టినది మొదలు పరిచయము. ఇది నేను చేయగలనని తోచెను. నా పాకాభ్యాసమునకు మూలము ఈ దురభిమానమే.

మఱునాడు అన్నముతోనే నేను ఓడిపోయితిని. మా యింట వాడునది సాంబమసూరి. బాపట్ల పరిశోధనాకేంద్రమునుండి 1986లో వెలువడిన బీపీటీ 5204 అను వంగడము అది. అందును మా తల్లి ఏడాది మాగిన పాతబియ్యమునే కొనును. మెతుకు మెతుకునకు అంటరాదు, వడ్డించినపుడు మల్లెమొగ్గలవలె రాలవలెను. ఆ యన్నమును బిళ్ళగా నొత్తి పెనముపై వేయగా పేలాలవలె చెదరిపోయెను. తెలిసికొనగా సంగతి యేమనగా, మన మెచ్చుకోలును వారి మెచ్చుకోలును తలక్రిందులు. మనము పాతబియ్యమునకు ఎక్కువ వెల యిత్తుము. వారు ఆ యేటి కొత్తబియ్యమును 'షిన్మై' అని పేరుపెట్టి పండుగవలె ఎదురుచూతురు. మనము విస్తారముగ నీరు పోసి గంజి వార్చుదుము. వారు కడుగునీరు తేటపడువఱకు కడిగి, అరగంట నానబెట్టి, బియ్యమునకు కొంచెము మించిన కొలతనీరు మాత్రమే పోసి, ఆ నీరంతయు మెతుకులోనికే పోవునట్లు చేయుదురు. పొయ్యి ఆర్పిన పిమ్మట కూడ పది నిమిషములు మూత తీయరాదు. మా తల్లి ఆ పది నిమిషములును వంటయింటి గడపలో నిలుచుండి, తన జన్మలో మూత తీయకుండ అన్నము వండినవారిని చూడలేదనెను. సంక్రాంతికి పొంగలి నిమిత్తము వచ్చిన కొత్తబియ్యముతో మూడవమాఱు వండితిని. అంటుకొనెను; ఒత్తినచో నిలిచెను. మా యింట ముద్దయన్నమని పాఱబోయదగినదానిని నేను విజయముగా పళ్ళెమున పెట్టికొంటిని.

పిదప చారు. జపాను వంటయందు చారునకు ఆధారమైన కషాయమును 'దాషి' అందురు. కొంబు అను సముద్రపు నాచును నానబెట్టియు, ఎండబెట్టి పొగపెట్టిన కట్సువో చేపను పొరలుగా చివ్వి వేడినీట వేసియు దీనిని తీయుదురు. 1908లో టోక్యో విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రజ్ఞుడు ఇకెదా కికునాయె ఈ నాచులోని రుచి తీపి, పులుపు, ఉప్పు, చేదులలో దేనికిని చెందదని కనిపెట్టి, దానికి 'ఉమామి' అని పేరుంచెను. ఆ రుచికి కారణము గ్లూటమేటు అను పదార్థము. నాచు భద్రాచలమున దొరకదు. కట్సువో అంతకంటెను దొరకదు. కాని జపానులోనే సామాన్య గృహస్థులు చిన్న ఎండుచేపలతో, 'నిబోషి' అను పేర, ఈ కషాయమును తీయుదురని చదివి లేచి కూర్చుంటిని. అవి మన మెత్తళ్ళకు దాయాదులే గదా! తలను, పొట్టలోని నల్లని పేగును గిల్లివేయవలెను, లేనిచో చేదు దిగును; నీట నానబెట్టి సన్నని సెగపై కాచవలెను. ఈ గిల్లుటలో ఒక సాయంకాలమంతయు గడచిపోయెను. వాసనకు ఇరుగుపొరుగు కిటికీలు మూతపడిన వైనము చెప్పను. రామాలయమునకు దగ్గఱగా కాపురమున్నవాడు కొన్ని ప్రయోగములు చేయరాదు.

అందు కలుపవలసిన మిసో అను ముద్దను హైదరాబాదునుండి తెప్పించితిని. సోయాగింజలను ఉప్పుతోను, 'కోజి' అను బూజు పట్టించిన బియ్యముతోను కలిపి నెలలతరబడి మాగబెట్టిన దిది. ఆ బూజును 2006లో జపాను మద్యపాక శాస్త్రసంఘమువారు జాతీయశిలీంధ్రముగా ప్రకటించిరి. మనము బూజును చూచి గిన్నె పాఱవేయుదుము, వారు బిరుదమిచ్చిరి. మిసో కలిపిన పిమ్మట చారును తెర్లనీయరాదు. నేను తెర్లనిచ్చితిని. సువాసన పోయి ఉప్పు మిగిలెను. రెండవమాఱు సరిగా చేసి మా తల్లికి ఇచ్చితిని. ఆమె ఒక గుటక త్రాగి, "జ్వరం తగ్గినోళ్ళకి పెట్టే చారులాగుందిరా" అనెను. నిజమునకు నాకును మొదట అట్లే తోచెను. ఖమ్మము మిరపకాయకు అలవాటుపడిన నాలుకకు కారములేని చారు శూన్యముగా కనబడును. కారము తగ్గించినవారే రుచి యెఱిగినవారని నేననను. అది మఱియొక గర్వము. కాని కారము లేనిచోట పాచిపోయిన చేపకు దాగుటకు తావుండదు, మురిగిన నీటికి తావుండదు. ఆ చారు పెట్టుచున్నంతకాలము సంతలో మెత్తళ్ళను ముక్కుకడ పెట్టికొని చూచుట నాకు అలవాటయ్యెను.

గ్రుడ్డును పొరలు పొరలుగా చుట్టి చేయు 'తమగొయాకి' అనునదికూడ ప్రయత్నించితిని. దానికి చతురస్రపు పెనము కావలెను. నాది గుండ్రనిది. అంతటితో ఆ ప్రకరణము ముగిసినది.

ఇక వెదురు సంగతి. జపానులో వసంతమున వెదురు మొలకలను త్రవ్వి, 'తకెనోకొ' అని ప్రీతితో వండుకొందురు. అన్నములో కలిపి వండుట ప్రసిద్ధము. పచ్చి మొలక చేదు. కొన్ని జాతులయందు సైనైడును పుట్టించు విషపదార్థము కూడ నుండును. ఉడికించినచో అది విడిపోయి ఆవిరితో పోవును. అందుకు జపాను గృహిణులు మొలకను తొక్కతోనే పెద్దగిన్నెలో వేసి, తవుడును, ఒక ఎండుమిరపకాయను చేర్చి, గంటసేపు ఉడికించి, ఆ నీటిలోనే చల్లారనిత్తురు. వారి యింటివంటలో నేను చూచిన మిరపకాయ అదొక్కటే. అదియు తినుటకు గాదు! ఈ చేదును, కసరును, గొంతు పట్టు గుణమును అన్నిటిని కలిపి వారు 'అకు' అందురు. దానిని తీయుట 'అకు-నుకి'. వంటనేర్చు కన్యకు మొదట నేర్పవలసిన పనులలో నిదియొకటి.

ఇంత చదివి నేనేమి చేసితినో వినుడు. హైదరాబాదులోని యొక దుకాణమునుండి విదేశపు డబ్బాలో ముద్రవేసిన వెదురు మొలకలను తపాలా ద్వారమున తెప్పించితిని. చుట్టును సాధనపు వెదురును, ముళ్ళవెదురును పెరుగు అడవి నడుమ కూర్చుండి, డబ్బా వెదురు! మా తల్లి డబ్బాను అటునిటు త్రిప్పి చూచి, "వెదురు కొమ్ములా? బస్టాండు కాడ అవ్వ అమ్ముద్దిగా" అనెను.

అమ్మును. వానలు మొదలయినది మొదలు శ్రావణ భాద్రపదములవఱకు అమ్మును. నేను ఖమ్మము బస్సునకై నిలుచుండు చోటనే గోడవార అడ్డాకులు పఱచి, వాటిపై కొమ్ములను తొక్క ఒలిచి పెట్టికొని కూర్చుండును. ఎన్నియేండ్లుగానో ఆమె అచ్చట కూర్చుండుచున్నది. ఎన్నియేండ్లుగానో నేను ఆమెను దాటి బర్గరునకు పోవుచున్నాను. ఆమెది శబరినది గట్టున నొక కోయపల్లె. తెల్లవాఱుజాము బస్సున గంపతో దిగును.

ఆ ఆదివారము ఆమెకడ కొమ్ములు కొని, ఎట్లు వండవలెనని అడిగితిని. ఆమె నన్ను ఎగాదిగా చూచెను. పట్టణపువారు వెదురును అడుగుట బొంగులో కోడిమాంసమునకేనని ఆమె ఎఱుక. మారేడుమిల్లి మార్గమున పర్యాటకులు వరుసకట్టి నిలుచునది దానికొఱకే. కొమ్ము వండుకొందునని నేను చెప్పగా ఆమె చేతితో చూపుచు వివరించినది: "సన్నగా తరగాల బాబూ. నీళ్ళు పోసి ఉడకబెట్టి పారబొయ్యాల. మూడుసార్లు మార్చాల. మూత పెట్టొద్దు." నేను మూత యెందుకు పెట్టరాదని అడిగితిని. "మూత పెడితే చేదు యాడికి పోద్ది?" అనెను. ఆవిరితో విషము పోవునని రసాయనశాస్త్రము చెప్పినదానికిని ఈ మాటకును భేదమేమి?

పిదప ఆదివారములు ఆమె గంపకడ నాకు బడియైనవి. చేదు దుంపలను రేకులుగా తరిగి బుట్టలో పెట్టి, ఏటిపారకములో ఱాళ్ళ నడుమ ఒక రాత్రియో రెండు రాత్రులో ఉంచుదురట. మామిడి టెంకలలోని జీడిని పొడిచేసి, ఎండబెట్టి, అట్లే ప్రవాహమున వగరు తీసి జావ కాచుదురట. ఇవి విన్నపుడు నాకు జపాను కొండపల్లెలవారి 'తోచి' కాయ జ్ఞాపకము వచ్చెను. వారును ఆ చేదుకాయను పారునీట నానవేసి, బూడిదనీట ఉడికించి, బియ్యముతో దంచి ముద్దలు చేయుదురు. అంతయేల, మన కంద సంగతి చూడుడు. జపానువారు సున్నపునీటితో గట్టిపఱచి తిను 'కొన్యాకు' మన కందకు సొంతచెల్లెలు. రెండును ఒక్క వృక్షజాతి. మనము చింతపండుతో దురద తీయుదుము, వారు సున్నముతో తీయుదురు. పుస్తకము ముందుంచుకొని నేను కష్టపడి నేర్చుకొనుచున్న విద్యయంతయు శబరిగట్టున ఏనాటినుండియో నడచుచున్నది.

ఆస్ట్రియా దేశీయుడగు ఫ్యూరర్-హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు పాపికొండల కొండరెడ్లను గూర్చి 1945లో 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అను గ్రంథమును ప్రకటించెను. వారి ఆహారమున జీలుగచెట్టునకు గల స్థానమును అందు చూడవచ్చును. కల్లు నిచ్చునది యదే, కఱవున మానులోని పిండి నిచ్చునది యదే. మేము పట్టణమున వీటన్నిటికి ఒక్క పేరు పెట్టి ముగించితిమి: కఱవు తిండి. నేనును ఆ మాట వాడినవాడనే. అందు నిజము లేకపోలేదు. మామిడిజీడి జావను ఎవరును ముచ్చటకై త్రాగరు. 2001లో ఒడిశాలోని కాశీపురము ప్రాంతమున అట్టి యాహారము తిని మరణించినవారున్నారు. ఆకలిని రుచియని వర్ణించుట పాపము. కాని తోచి ముద్దయు ఒకప్పుడు కొండవారి లేమి తిండియే. నేడది అందమైన పెట్టెలలో ఊరి పేరుతో యాత్రికులకు కానుకగా అమ్ముడుపోవుచున్నది. 2013లో యునెస్కో జపానువారి భోజనసంప్రదాయమును మానవజాతి వారసత్వములలో చేర్చినది. మా బస్టాండుగోడవారనున్న గంపను పోలీసువాడు నెలకు రెండుసార్లు జరుపుచుండును.

2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో చేర్చి, గిరిజనులకు దానిపై హక్కు కల్పించినది. హక్కు కాగితముపై నున్నది. వెదురు ఎక్కడ నుండును? 2014లో రాష్ట్రము విభజింపబడినపుడు పోలవరము జలాశయమున మునుగు మండలములను ఆంధ్రప్రదేశమున చేర్చిరి. భద్రాచల పట్టణము తెలంగాణమున నిలిచినది. ఊరు దాటిన కొలదిసేపటికే సరిహద్దు. అవ్వ ఇప్పుడు గంపతో ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు వచ్చుచున్నది. 2022 జూలైలో గోదావరి భద్రాచలము కడ 71 అడుగులు దాటినపుడు ఆమె పల్లె నీటిలో నుండెను. ఆ పల్లె ముంపు జాబితాలో నున్నదట. పునరావాస కాలనీలో ఇల్లు ఇచ్చెదమని చెప్పిరట.

గడచిన వర్షకాలమున నేను కొమ్ముల కూరను రెండు అన్నపు బిళ్ళల నడుమ పెట్టి, సోయాపులుసు పూసి పెనముపై కాల్చి, అడ్డాకున చుట్టి ఆమెకు తీసికొనిపోయితిని. ఇంతకుముందు మూడు దుకాణములు తిరిగి వెదకినది నేను చేసికొన్నానను సంతోషముతో విప్పి చూపితిని. ఆమె సగము తిని, తక్కిన సగమును ఆకులో చుట్టి మనుమనికై కొంగున కట్టికొనెను. "ఉప్పు తక్కువైంది" అనెను. అన్నమును గూర్చి యేమియు అనలేదు.

పిమ్మట కాలనీ సంగతి తానే ఎత్తినది. ఇండ్లు సిమెంటువట. కొళాయి ఉన్నదట, రోజున కొకపూట నీరు వచ్చునట. "ఏరు లేదు బాబూ. కొళాయి నీళ్ళు మూడుసార్లు యాడ పారబోస్తం?" అని, కొంచెముసేపూరకుండి, "నీ జపానోళ్ళకి ఏరుందా?" అని అడిగెను. చాలమందికి లేదనియు, వారు ఇంటిలో ఒక్కగిన్నెడు నీటిలోనే తవుడు వేసి చేదు తీయుదురనియు చెప్పితిని. ఆమె ముందుకు వంగి, తవుడు ఎంత వేయవలెనని అడిగెను. పెద్దగిన్నెకు రెండు గుప్పిళ్ళు అంటిని. ఎంతసేపు ఉడుకవలెనని అడిగెను. గంటసేపు, పిమ్మట ఆ నీటిలోనే ఆఱనీయవలెను అంటిని. మన కొమ్ము వేఱు జాతి గనుక నాలుకపై పెట్టి చూచుకొని, చేదున్నచో ఇంకొక నీరు మార్చవలెనని కూడ చెప్పితిని.

"మిరపకాయ ఎందుకంట?"

నాకు తెలియదంటిని. ఆమె నవ్వి, ఖమ్మము బస్సు వచ్చినదని చూపినది. ఆనాడు నేను బస్సెక్కలేదు.